పాకం చూసే కన్ను

చెట్టు దిగిన బెంగళూరా మామిడి రైతుకు ఎక్కువ రోజులు గడువివ్వదు. ఎండలో ట్రాక్టరు మీద ఉండిపోతే తొడిమ దగ్గర మెత్తబడుతుంది, అడుగునున్న కాయలు పైబరువుకు చితికి రసం కారుస్తాయి. 2025 వేసవిలో చిత్తూరు జిల్లా పల్ప్ ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరి నిలిచిన సంగతి ఈ ప్రాంతం వాళ్లకు గుర్తే. ఊళ్లో తోతాపురి అన్నా బెంగళూరా అన్నా కాయ అదే. ఆ ఏడాది ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు ప్రకటించింది. అందులో 8 ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 ప్రభుత్వం ఇస్తుంది. ఆ 8 కూడా చేతికి రావడం లేదని రైతులు గోలపెట్టారు. బంగారుపాళ్యం మార్కెట్లోనూ దామలచెరువు మండీలోనూ ఆ నెలంతా అదే మాట.

ఈ అధ్యాయం ధర గురించి కాదు. కానీ ఆ బారుల్లో నాకు కనబడిన అసలు కష్టం ఒకటుంది: కాయ ఆగదు. ఆగని దాన్ని ఆపగలిగినవాడే బేరం చేయగలడు. పల్ప్ ఫ్యాక్టరీ చేసే పని అదే, గుజ్జును వేడిచేసి డబ్బాలోకి ఎక్కించి ఏడాది పొడవునా అమ్ముతుంది. మన వంటింట్లో ఆ పని చేసేది పాకం. పాకం పట్టడం వచ్చినవాళ్ల దగ్గర జూలై నెల కాయ ఆగస్టు దోసె మీదికి వస్తుంది.

ఈ పుస్తకం చదివే వాళ్లలో చాలామంది యువతీయువకులు ఒకే మాట అంటుంటారు: "నిర్ణయం తీసుకోలేకపోతున్నాను, ఎప్పుడు ఆపాలో తెలియడం లేదు." వాళ్లకు ఉపన్యాసం కన్నా పావుకిలో చక్కెర ఎక్కువ ఉపయోగపడుతుందని నా నమ్మకం. చక్కెరను ఎర్రగా కాచేటప్పుడు 'ఇంకా కాలేదు' అన్న క్షణానికీ 'అయ్యో, మాడింది' అన్న క్షణానికీ మధ్య అర నిమిషం కూడా ఉండదు. ఆ అర నిమిషంలో ఫోను చూడలేరు, పక్కవాళ్లను అడగలేరు. చూడాలి, వాసన పట్టాలి, దించాలి. తప్పితే పోయేది పది పన్నెండు రూపాయల చక్కెర. ఇంత చవకగా నిర్ణయం నేర్పే గురువు నాకు తెలిసి ఇంకొకటి లేదు. అందుకే ఈ అధ్యాయంలో మామిడి గుజ్జు, మసాలా కలిపిన కారమెల్ స్ప్రెడ్ చేయడం నేర్చుకుందాం. చపాతీకి, బ్రెడ్డుకు, దోసెకు పూసుకునేది.

పాకం మనకు కొత్త కాదు. శెనక్కాయ ఉండలు చేసే ప్రతి ఇంట్లో ఆ చదువు ఉంది. ఐరాల, పూతలపట్టు వైపు చెరుకు తోటల్లో గానుగ ఆడే రోజుల్లో వెళ్తే దాన్ని పెద్ద ఎత్తున చూడొచ్చు. కొప్పెరలో చెరుకురసం మరుగుతుంటుంది, సున్నం వేశాక మడ్డి పైకి తేలుతుంది, దాన్ని జల్లెడ గరిటెతో తీసి పారేస్తారు. రసం చిక్కబడే కొద్దీ నురగ మారుతుంది. మొదట తెల్లగా పొంగుతుంది, తరవాత పసుపు తిరిగి బరువెక్కి కిందికి దిగుతుంది, బుడగలు పెద్దవై ఒక్కొక్కటే 'టప్'మని పగులుతాయి. అప్పుడు పాకం చూసే పెద్దాయన ముందుకొస్తాడు. చెంబులో చల్లనీళ్లు పెట్టుకుని అందులోకి గరిటె కొసనుంచి పాకం చుక్క వేస్తాడు, వేళ్లతో ఉండ చేసి చెంబుకే కొట్టి శబ్దం వింటాడు. ఎంతసేపు కాగాలి అని నేనడిగితే, "సేపు చూసుకుంటా ఉంటే కొప్పెర మాడిపోతాదమ్మా. పాకాన్ని చూడాల" అన్నాడు. చిత్తూరు, గాజులమండ్యం సహకార చక్కెర కర్మాగారాలు మూతపడ్డాక కూడా ఈ ప్రాంతంలో చెరుకు ఇంకా కొంత మిగిలిందంటే ఇలాంటి కళ్లు ఉండబట్టే.

ఇక పనిలోకి దిగుదాం. ముందు కాయ. స్ప్రెడ్‌కు బేనీషా, అంటే బంగినపల్లి, వద్దు. దాని తీపి, వాసన పచ్చిగా తినడానికి గొప్పవి, కానీ ఎర్రగా కాచిన చక్కెర పక్కన ఆ తీపి తేలిపోతుంది. బెంగళూరాలో పులుపు ఉంటుంది, గుజ్జులో పీచు తక్కువ. చక్కెరకు ఎదురు నిలబడేది ఆ పులుపే. ఊరంతా చిన్నచూపు చూసే కాయే ఈ పనికి అన్నిటికన్నా మేలైనది. బాగా పండి, పసుపు తిరిగి, నొక్కితే లొంగేవి కిలో తీసుకోండి. తొక్క, టెంక పోగా అర కిలో గుజ్జు వస్తుంది. దాన్ని మిక్సీలో తిప్పి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నమంట మీద సగమయ్యేదాకా, అంటే 250 గ్రాములకు వచ్చేదాకా ఉడికించండి. చిక్కబడే కొద్దీ చిమ్ముతుంది, పొడుగు గరిటె వాడండి. ఈ మెట్టు దాటేసి పచ్చి గుజ్జునే పాకంలో పోసేవాళ్లున్నారు. అప్పుడు నీరంతా పాకంలోనే ఇగరాలి, అంతసేపట్లో చక్కెర రంగు ముదిరి మామిడి రుచి చస్తుంది. గుజ్జును ముందే ఇగరబెట్టుకోవడం వల్ల రెండింటికీ న్యాయం జరుగుతుంది.

మిగతా సరుకు: చక్కెర 250 గ్రాములు, ఉప్పు కలపని వెన్న 75 గ్రాములు, ఉప్పు అర టీ స్పూను. మసాలా సంగతి తరవాత చెబుతాను. అన్నీ కొలిచి, చేతికందేలా పొయ్యి పక్కన పెట్టుకున్నాకే మంట వెలిగించండి. గుజ్జు గోరువెచ్చగా కాదు, బాగా వేడిగానే ఉండాలి. వెన్న ముక్కలుగా కోసి ఉండాలి. పాకం మొదలయ్యాక డబ్బా మూత తీయడానికి కూడా వ్యవధి ఉండదు.

గిన్నె విషయంలో పట్టుదలగా ఉండండి. లోతైన, అడుగు మందమైన స్టీలు గిన్నె కావాలి. ఇనుప మూకుడులో పాకం రంగు కనబడదు, నలుపు మీద నలుపే. వట్టి అల్యూమినియానికీ మామిడి పులుపుకూ పొత్తు కుదరదు. చక్కెర గిన్నెలో పావు వంతు కన్నా ఎక్కువ ఉండకూడదు, ఎందుకంటే గుజ్జు పోసినప్పుడు అది నాలుగింతలు పొంగుతుంది. ఇది మామూలు వేడి కాదు. మరిగే నీళ్లు 100 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి, ఈ చక్కెర 170 దాకా పోతుంది, పైగా చర్మానికి అంటుకుంటే వదలదు. పిల్లల్ని బయటికి పంపండి. పక్కనే బేసిన్‌లో చల్లనీళ్లు పెట్టుకోండి. ఒకవేళ కాలితే వెంటనే కుళాయి కింద 20 నిమిషాలు చల్లటి నీళ్ల ధార పట్టండి. టూత్‌పేస్టు, పిండి వంటివి పూయకండి. పెద్ద గాయమైతే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

చక్కెరలో నాలుగు టేబుల్ స్పూన్ల నీళ్లు, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి మధ్యస్థంగా మంట పెట్టండి. చక్కెర కరిగేదాకా కలపొచ్చు. కరిగాక గరిటె బయట పెట్టేయండి. ఆ తరవాత కలిపితే పలుకులు పుట్టి, పాకమంతా ఇసుక మాదిరి గడ్డకడుతుంది. నిమ్మరసం వేసేది కూడా ఇందుకే. పులుపు తగిలి చక్కెరలో కొంత భాగం గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోతుంది, అలా విడిపోయిన చోట పలుకులు కట్టడం కష్టం. గులాబ్ జామ్ పాకంలో మన అమ్మలు నిమ్మచెక్క పిండేది ఈ కారణానికే. గిన్నె అంచున పలుకులు కనబడితే తడి బ్రష్‌తో తుడవండి. అప్పటికీ గడ్డకడితే కంగారు పడకండి, పావు గ్లాసు నీళ్లు పోసి మళ్లీ కరిగించి మొదలుపెట్టండి. నష్టమేమీ లేదు.

ఇప్పుడు చూడడం మొదలు. 105 డిగ్రీల దగ్గర తీగపాకం, 115 దాటాక ఉండపాకం. అరిసెలు, ఉండలు చేసినవాళ్లకు ఇంతదాకా దారి తెలుసు. అక్కడ ఆగకుండా ముందుకు పోవాలి. నీరంతా పోతున్న కొద్దీ బుడగల చప్పుడు తగ్గుతుంది. మొదట గలగలమని మరిగినవి చిన్నచిన్నగా, చిక్కగా, బద్ధకంగా లేస్తాయి. 160 దాటాక ఎక్కడో ఒక మూల లేత పసుపు మరక కనబడుతుంది. గిన్నెను పట్టుకారుతో పట్టి మెల్లగా తిప్పండి, మరక అంతటా పరుచుకుంటుంది. అక్కడినుంచి పసుపు తేనె రంగవుతుంది, తేనె రాగి రంగవుతుంది. వాసన కూడా నడుస్తుంది. వట్టి తీపి వాసన పోయి, వేయించిన జీడిపప్పు వాసన లాంటిది వస్తుంది, ఆపైన ముక్కుకు సన్నటి ఘాటు తగులుతుంది. ఆ ఘాటు తగలడం, అంచున సన్నటి పొగ పోగు లేవడం, రెండూ కలిసి జరిగిన క్షణమే మీ క్షణం. మంట ఆర్పేయండి. గిన్నె వేడికి అది ఇంకొంచెం ముదురుతుంది కాబట్టి మీరు కోరుకున్న రంగుకు కాస్త ముందే ఆపాలి. థర్మామీటరు ఉంటే 170 నుంచి 175 మధ్య. ఉన్నా సరే, కన్నుతో చూడడం మానకండి. నెమ్మదిగా, పూర్తిగా చూడడం నేర్చుకున్న మనిషికి రేపు థర్మామీటరు లేని పనుల్లో కూడా ఆ చూపు ఉంటుంది.

ఆర్పిన వెంటనే వేడి గుజ్జును ఒక్కో గరిటెగా పోయండి. బుస్సుమని పొంగుతుంది, ఆవిరి పైకి కొడుతుంది, మొహం దూరంగా పెట్టండి. పొంగు దిగాకే రెండో గరిటె. అంతా పోశాక అడుగున పాకం గట్టి ముద్దలు కట్టినట్టు కనబడుతుంది, పాడైందనుకుంటారు. కాలేదు. సన్నమంట వెలిగించి కలుపుతుంటే రెండు మూడు నిమిషాల్లో కరిగిపోతుంది. తరవాత అయిదారు నిమిషాలు కలుపుతూ ఉడికించండి. గరిటెతో అడుగున ఒక గీత గీస్తే, ఆ దారి వెంటనే మూసుకోకుండా ఉండాలి. లేదా ఫ్రీజర్‌లో పెట్టిన పళ్లెం మీద ఒక చుక్క వేసి వేలితో గీయండి, గీత నిలబడాలి. వేడిమీద కొంచెం జారుగా ఉండగానే దించండి. చల్లారితే గట్టిపడుతుంది. దించాక వెన్న ముక్కలు, ఉప్పు వేసి జోరుగా గిలక్కొట్టండి. వెన్న పైకి తేలి విడిపోయినట్టుంటే ఒక స్పూను వేడినీళ్లు పోసి మళ్లీ కొట్టండి, కలిసిపోతుంది. చల్లారాక మరీ గట్టిగా ఉంటే వేడినీళ్లతో సడలించొచ్చు, పలుచగా ఉంటే మళ్లీ ఉడికించొచ్చు. ఒక్కదానికే మందు లేదు: చేదెక్కిన పాకం. అందులో ఎంత తీపి కలిపినా చేదు బయటపడుతూనే ఉంటుంది. పారేసి, పావుకిలో చక్కెరతో మళ్లీ మొదలుపెట్టండి.

తీపిలో ఉప్పేమిటని అనుకోకండి. అలిపిరి దారిలో బెంగళూరా ముక్కల మీద ఉప్పూకారం చల్లి ఇస్తే తినని వాళ్లెవరు? ఫ్రాన్సులోని బ్రిటనీ ప్రాంతంలో, కిబెరాన్ ఊళ్లో ఆన్రీ లె రూ అనే మిఠాయికారుడు 1977లో ఉప్పు వెన్నతో కారమెల్ చేసి పేరు తెచ్చుకున్నాడు. ఈరోజు ప్రపంచమంతా ఇష్టపడే ఆ ఉప్పు తీపి మన నోటికి చిన్నప్పటినుంచే తెలుసు.

మసాలాకు నేను దూరం వెళ్లను. శ్రీరామనవమి పానకంలో పడే శొంఠి, మిరియాలు, యాలకులు చాలు. పై కొలతకు శొంఠి పొడి అర టీ స్పూను, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు పది పన్నెండు, యాలకులు నాలుగు, లవంగాలు రెండు. వెన్నలో ఒక ముక్కను విడిగా కరిగించి, లవంగాలను అందులో అయిదు నిమిషాలు ఉంచి తీసేసి, ఆ వెన్ననూ మిగతా ముక్కలతో పాటే వేయండి. పొడిగా వేస్తే మామిడిని నోరెత్తనివ్వవు. యాలకుల పొడి దించాకే వేయాలి, ముందే వేస్తే సువాసన ఆవిరితో పాటే పోతుంది. కారం ఇష్టమున్నవాళ్లు చిటికెడు మిరపపొడి వేసుకోండి. మిరియాల కాక నోట్లో వెంటనే తెలుస్తుంది, మిరపది మింగాక తెలుస్తుంది, రెండూ ఉంటే ఒకదాని వెనక ఒకటి వస్తాయి. తిరుపతి వాళ్లం కదా, పచ్చకర్పూరం వేద్దామా అని నన్నడిగిన వాళ్లున్నారు. వద్దు. దాని వాసన ముందు మామిడి నిలవదు, పైగా కొలత తప్పితే పిల్లలకు ప్రమాదం.

బెల్లంతో చేయకూడదా అని మీరు తప్పకుండా అడుగుతారు. చిత్తూరు బెల్లం ఇంట్లో ఉండగా చక్కెర ఎందుకని నాకూ మనసు పీకుతుంది. కానీ బెల్లం పుట్టుకతోనే గోధుమ రంగు, కాబట్టి పాకం ఎంతవరకు వచ్చిందో కన్ను పట్టలేదు. పైగా అందులో మిగిలిన మలినాలు చక్కెర కన్నా ముందే మాడతాయి. నా తీర్పు ఇది: రంగు చక్కెరతో తెచ్చుకోండి, రుచి బెల్లంతో తెచ్చుకోండి. 200 గ్రాముల చక్కెరను ఎర్రగా కాచి, 50 గ్రాముల బెల్లాన్ని వేడి గుజ్జులో కరిగించి, ఇసుక పోయేలా గుడ్డలో వడకట్టి పోయండి. తెల్లగా మెరిసే బెల్లం కొనకండి, ఆ మెరుపు కోసం హైడ్రోస్ కలిపే అలవాటుంది. ముదురు రంగుదే మేలు.

పాలతో చేయాలనుకునేవాళ్లకు ఒక్క జాగ్రత్త. పరమాన్నంలో బెల్లం ఎప్పుడు వేస్తారో గుర్తు చేసుకోండి: పొయ్యి దించి, కాస్త చల్లారాక. వేడి పాలలో పులుపు తగిలితే విరుగుతాయి, మామిడి గుజ్జులో బెల్లం కన్నా పులుపు చాలా ఎక్కువ. మెక్సికోలో సెలయా అనే ఊరు కహేతాకు ప్రసిద్ధి. మేకపాలు, చక్కెర కలిపి గంటలతరబడి కాచి చేసే చిక్కటి తీపి అది. వాళ్లు పాలు విరక్కుండా చిటికెడు వంటసోడా వేస్తారు. మనమూ అదే చేద్దాం. లీటరు చిక్కటి ఆవుపాలు, 250 గ్రాముల చక్కెర, పావు టీ స్పూను వంటసోడా. సోడా వేయగానే పొంగుతుంది, పెద్ద గిన్నె పెట్టండి. సన్నమంట మీద గంట, గంటన్నర కలుపుతూ కాస్తే పాలకోవ దాటి ఎర్రటి ముద్దకు వస్తుంది. ఇక్కడి రంగు చక్కెర ఒక్కటే కాలి వచ్చింది కాదు, పాలలోని ప్రోటీనూ చక్కెరా కలిసి తెచ్చింది. 1912లో లూయీ కమీ మయార్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వివరించిన చర్య ఇది. సోడా విరుగుడును ఆపడమే కాక ఈ రంగును కూడా తొందరపెడుతుంది. ముద్ద గోరువెచ్చగా అయ్యాకే ఇగరబెట్టిన గుజ్జు 100 గ్రాములు, అదీ చల్లారింది, కొంచెం కొంచెంగా కలపండి. రుచి గొప్పగా ఉంటుంది, కానీ వారం పది రోజుల్లో తినేయాలి.

వెన్నతో చేసినదానికి నిలవ ఎక్కువ. మన కొలతతో సుమారు అర కిలో, అంటే రెండు చిన్న సీసాలు వస్తుంది. మన దేశ ఆహార ప్రమాణాల ప్రకారం జామ్‌లో కరిగిన ఘనపదార్థం కనీసం 65 శాతం ఉండాలి. అంత చక్కెర ఉన్నచోట చాలా సూక్ష్మజీవులకు పెరగడానికి నీరు అందదు. మన స్ప్రెడ్ గీత నిలబడే పదునుకు వస్తే ఆ మేర దాటినట్టే. అయినా అందులో వెన్న ఉంది, ఇంటి కొలత ఇంటి కొలతే. సీసాలను పది నిమిషాలు నీళ్లలో మరిగించి, తడి లేకుండా ఆరబెట్టి, వేడిగా ఉండగానే నింపి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. తడి స్పూను తగలనివ్వకపోతే నెల రోజులు బాగుంటుంది. రాగిదోసె మీద పూస్తే ఒక రుచి, ఓళిగ మీద నెయ్యికి బదులు పూస్తే మరో రుచి, పెరుగులో ఒక స్పూను కలిపితే వేరే భోజనమే అక్కర్లేదు. మధుమేహం ఉన్నవాళ్లు మాత్రం గుర్తుంచుకోండి, ఒక టేబుల్ స్పూనులో 12 గ్రాములకు తక్కువ కాకుండా చక్కెర ఉంటుంది. మిరియాలూ శొంఠీ దాన్ని తగ్గించవు.

చేయి కుదిరాక అమ్ముకుందామని అనిపిస్తే మంచిదే. ఇంట్లో చేసి అమ్మినా ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర నమోదు తప్పనిసరి, సీసా మీద సరుకుల పేర్లు, చేసిన తేదీ వేయాలి. ముందుగా పది ఇళ్లకు రుచి చూపించి, తిరిగి అడిగిన ఇళ్లెన్నో చూసుకోండి. మెచ్చుకోలు మాటలు లెక్కలోకి రావు.

ఒక్క మనవి. కాయలు సూపర్ మార్కెట్లో కొనకండి. జూన్, జూలై నెలల్లో తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో ఎక్కడ ఆగినా తోట దగ్గరే రైతు దొరుకుతాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆయనకు దక్కే ధర ఎంతో అడిగి, దానికి రెండింతలిచ్చి అయిదు కిలోలు తెచ్చుకోండి. మీ రెండు సీసాలకు కిలో చాలు. మిగతా నాలుగు కిలోలూ మళ్లీ మళ్లీ చేసి చూడడానికి పనికొస్తాయి.